ఆమె బస్సులో, బట్టలు బైకు మీద

ఆ అమ్మాయి తల వాషింగ్ మెషీన్ డ్రమ్ములో ఉండటం వల్ల వరహాలబాబుకి మొదట ఆమె జడ ఒక్కటే కనిపించింది.

"ఏమండీ, కొంచెం పక్కకి జరుగుతారా? కొలత తీసుకోవాలి," అన్నాడు, చేతిలో టేపు సాగదీస్తూ.

"నేను చూస్తున్నాను కదా. మీరు ఇంకోటి చూసుకోండి." జవాబు డ్రమ్ములోంచి గుయ్యిమంటూ వచ్చింది.

"ఇంకోటి లేదండి. ఆషాఢం ఆఫర్లో వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ కలిపి ఇచ్చేది ఈ జత ఒక్కటే మిగిలిందట."

తల బయటికి వచ్చింది. చామనఛాయ, పెద్ద కళ్ళు, ముక్కు మీద సిద్ధంగా ఉన్న కోపం. చేతిలో తెల్ల చేతిరుమాలు. దాంతో డ్రమ్మంతా తుడిచినట్టుంది, మరకేమైనా అంటిందేమోనని ట్యూబ్‌లైటు కింద ఎత్తి పట్టుకుని చూసుకుంది. పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా ఎవరూ ఇంత పట్టి పట్టి చూడరు అనుకున్నాడు వరహాలబాబు.

"ఒక్కటే మిగిలిందని తెలిసే పరిగెత్తుకొచ్చాను," అంది.

"మీకన్నా ముందొచ్చింది నేను. టేపు తెచ్చుకుందామని బండి దగ్గరికి వెళ్ళాను, అంతే."

"బండి దగ్గరికి వెళ్ళారంటే వెళ్ళిపోయినట్టే."

"ఇదెక్కడి రూలండీ?"

"మా స్కూల్లో రూలు. బెంచీ వదిలి వెళ్ళినవాడికి బెంచీ ఉండదు."

ఓహో, టీచరమ్మ! వరహాలబాబు టేపు చుట్టేసి చేతులు కట్టుకున్నాడు. బయట ఏ.ఎస్. రావు నగర్ మెయిన్ రోడ్డు మీద వాన దంచి కొడుతోంది. ఆ వానే ఇద్దరినీ అక్కడికి తరిమింది.

"చూడండి మేడం, మా అక్క పురిటికొచ్చింది. కవలలు. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు. వారం రోజులుగా అందరం తడి గుడ్డల కింద వంగి నడుస్తున్నాం. నిన్న మా అమ్మ నా ఆఫీసు చొక్కా అనుకుని పిల్లల పక్కగుడ్డ ఇస్త్రీ చేసింది."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది గానీ రానివ్వలేదు. "మా అమ్మ కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టేసింది. బట్టలు పిండొద్దన్నాడు డాక్టరు. మా గుడిలో, అదే చర్చిలో, పాటలు పాడే క్వాయర్ తెల్లగౌన్లు పన్నెండు. నాన్న క్వాయర్ నడిపినప్పటి నుంచీ ప్రతి శనివారం అమ్మే ఉతుకుతుంది. నాన్న పోయాక కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇమ్మంటే ఏడుస్తోంది. వానల్లో ఉతికితే సరిపోదు కదా, ఆరాలి కూడా."

"నాకు మాత్రం ఆరక్కర్లేదా?"

"మీ పక్కగుడ్డలు ఆదివారం ఎనిమిదింటికి పాట పాడవు!"

ఇంతలో సేల్స్‌మన్ సదాశివ వచ్చాడు. పదేళ్ళుగా మిక్సీలూ ఫ్రిజ్జులూ అమ్మి అమ్మి, ఎంత గొడవైనా చప్పుడు లేకుండా తీర్చేయగలనని నమ్మకం ఉన్నవాడు.

"ఏందీ సార్, షోరూంల గిట్ల లొల్లి పెట్టుకుంటరు? మేడం, సార్ చెప్పేది జెర ఇనుండ్రి. మొగుడు పెండ్లాలన్నంక ఎవలో ఒకలు తగ్గాలె."

"మొగుడా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

సదాశివ నాలిక్కరుచుకున్నాడు. "మాఫ్ చేయుండ్రి. ఇంత మంచిగ కొట్లాడుతుంటే అట్లనే అనుకున్న. ఇంకో జత సోమవారం వస్తది. ఇద్దరూ బుక్ చేసుకోండ్రి. ఇద్దరింటికీ పంపే జిమ్మేదారి నాది."

ఫారాల్లో పేర్లు రాశారు. వరహాలబాబు, కాప్రా. ప్రేమమణి, చిలకలగూడ. ఆమె పేరు తలకిందులుగా చదివి మరీ గుర్తుపెట్టుకున్నాడు. ఎందుకో అడగొద్దు, అతనికీ తెలీదు.

*

మంగళవారం కాప్రా ఇంటికి వ్యాను వచ్చింది. దాంట్లోంచి డ్రయ్యర్ దిగింది. వాషింగ్ మెషీన్ దిగలేదు.

వరహాలబాబు తల్లి అప్పలలక్ష్మి వ్యాను లోపలికి తొంగి చూసింది. "ఏటిరా బాబూ, ఆరబెట్టీది వొచ్చింది గానీ ఉతికీది ఏదిరా?"

వరహాలబాబు సదాశివకి ఫోన్ కొట్టాడు.

"సార్, పరేషాన్ గాకుండ్రి," అన్నాడు సదాశివ తాపీగా. "రెండో జత రాలే. కంపెనీల స్టాక్ లేదంట, మూడు వారాలు పడ్తదంట. ఉన్నదొక్క జత, మీరిద్దరు. ఒకలకిస్తే ఇంకొకలు నన్ను బతకనిస్తరా? అందుకే చెరొకటి పంపిన. మేడంకి వాషింగ్ మెషీన్, మీకు డ్రయ్యర్. బరాబర్ ఇన్సాఫ్."

"ఇదేం న్యాయమయ్యా!"

"మీ ఇంట్ల చిన్నపోరగాళ్ళు, గుడ్డలు ఎండాలె. ఆమె ఇంట్ల అమ్మకి చెయ్యి నొప్పి, పిండకుండ ఉండాలె. నేను మస్తు సోంచాయించిన సార్."

ఆలోచిస్తే అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. అదే వరహాలబాబుకి ఒళ్ళు మండించింది.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ వాన. తలుపు చప్పుడైతే అప్పలలక్ష్మి వెళ్ళి తీసింది. గుమ్మంలో ఒక అమ్మాయి, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మూత పెట్టిన పెద్ద నీలం బకెట్టు.

"ఓలమ్మ, తడిసిపోతన్నావు. లోనికి రా తల్లీ. ఎవరమ్మాయివి?"

"నమస్తే అండీ. మీ ఇంట్లో ఉన్న డ్రయ్యర్లో సగం నాది," అంది ప్రేమమణి.

లోపల బనీనుతో కూర్చుని కవలల్లో ఒకణ్ణి జోకొడుతున్న వరహాలబాబు ఒక్క ఉదుటున లేచాడు. పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. చొక్కా కోసం వెతికితే చేతికి తగిలిందల్లా పక్కగుడ్డే. దాన్నే భుజాల మీద కప్పుకుని బయటికొచ్చాడు.

"సదాశివ మీ అడ్రస్ ఇచ్చాడు. పన్నెండు గౌన్లు. గంటన్నరలో వెళ్ళిపోతాను," అంది, చూపు పక్కగుడ్డ మీదికి వెళ్ళకుండా జాగ్రత్తపడుతూ. "ఊరికే ఎవరి సాయమూ తీసుకోను. మీ పిల్లల బట్టలు, దుప్పట్లు ఇవ్వండి, మా మెషీన్‌లో ఉతికిస్తాను."

"ఎందుకండీ అంత శ్రమ..."

"నువ్వు నోర్ముయ్యిరా," అంది అప్పలలక్ష్మి, అప్పటికే దుప్పట్లు మూట కడుతూ.

డ్రయ్యర్ తిరగడం మొదలైంది. ప్రేమమణి దాని ముందు స్టూలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంది.

"మీరలా కాపలా కాయక్కర్లేదు. అయిపోతే అదే ఆగుతుంది," అన్నాడు వరహాలబాబు, ఈసారి చొక్కాతో.

"అదే ఆగేదాకా ఉంచకూడదు. చేత్తో పట్టుకుంటే కాస్త చెమ్మ తగలాలి, అప్పుడే తీసెయ్యాలి. లేదంటే ముడతలు పడి మొండికేస్తాయి, ఇస్త్రీకి లొంగవు. మా అమ్మ ఒక్క ముడత కూడా ఒప్పుకోదు."

"మీరూ ఒప్పుకోరా?"

"నేను మనుషుల్లో ఒప్పుకుంటాను. గౌన్లలో ఒప్పుకోను."

ఆ ఇంటి ఇస్త్రీపెట్టెతోనే ఇస్త్రీ అయింది. ఇప్పుడు అసలు చిక్కు. మడత పెట్టిన పన్నెండు గౌన్లు సికింద్రాబాద్ బస్సులో శనివారం సాయంత్రం ఆ తొక్కిసలాటలో తీసుకెళ్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

"నా బైకు మీద దింపేస్తాను," అన్నాడు వరహాలబాబు.

"నేను ఎవరి బండీ ఎక్కను."

"మిమ్మల్ని కాదండీ, బట్టల్ని."

ప్రేమమణి బుగ్గలు ఎర్రబడ్డాయి. అప్పలలక్ష్మి అటు తిరిగి నవ్వుకుని, ఖాళీ బకెట్టులో జంతికల పొట్లం ఒకటి పెట్టింది. "ఒట్టి బకెట్టు తిప్పి పంపకూడదమ్మా. మీ అమ్మకియ్యి."

అలా ఆమె, బకెట్టు, దుప్పట్ల మూట బస్సులో. బట్టలు బైకు మీద. మౌలాలి దాటేసరికి వాన మళ్ళీ అందుకుంది. వరహాలబాబు బండి ఆపి తన రెయిన్‌కోటు విప్పి గౌన్ల మూటకి తొడిగాడు. గుండీలు పెట్టాడు. టోపీ కూడా లాగి ముడేశాడు. బస్సు కిటికీలోంచి ప్రేమమణి చూసింది. పక్క సీటావిడ అడిగింది, "ఆ అబ్బాయి వెనకాల ఎవరమ్మా, చిన్నపిల్లా?" అని.

"మా క్వాయర్ అండీ," అంది ప్రేమమణి, నవ్వాపుకోలేక.

చిలకలగూడలో తలుపు తీసిన ప్రేమమణి తల్లి రోసమ్మ టీచర్‌కి ఎదురుగా నిలబడ్డది చుక్క చుక్క కారుతున్న ఒక మనిషి, అతని చేతుల్లో రెయిన్‌కోటు తొడుక్కున్న ఒక మూట. ఆవిడ మూట విప్పి గౌను మీద చెయ్యి వేసి చూసింది. పొడిగా ఉంది. తర్వాత ఆ అబ్బాయిని చూసింది. లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

*

తర్వాతి శనివారం బకెట్టులో తడి గౌన్ల మీద ఒక టిఫిన్ డబ్బా వచ్చింది. అందులో రోసమ్మ చేసిన కరకరలాడే గులాబీ పువ్వులు. ఆ పై వారం అప్పలలక్ష్మి బెల్లం పాకంతో పోకుండలు వేసింది. దానికి జవాబుగా ప్లమ్ కేకు వచ్చింది. ఇద్దరు తల్లులూ ఒకరి మొహం ఒకరు చూడలేదు గానీ, ఒకరి చేతి వంట ఒకరికి బాగా తెలిసిపోయింది.

డ్రయ్యర్ ముందు స్టూళ్ళు రెండయ్యాయి.

"మీ పేరేంటండీ అలా, వరహాలబాబు?"

"మా తాతగారి పేరు. ఆయన చేతిలో వరహాలు నిలిచేవి కావట. పేరులోనన్నా నిలుస్తాయని పెట్టారు."

"మీ దగ్గరన్నా నిలిచాయా?"

"సగం డ్రయ్యర్ నిలిచింది."

ఆమె నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఎడమ బుగ్గ మీద పడదు. ఈ సంగతి కనిపెట్టిన రోజున వరహాలబాబు ఫ్యాక్టరీలో ఒక బోర్డుకి వైర్లు అటుదిటు కలిపేసి సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిన్నాడు. వారంలో ఆరు రోజులు ఎదురుచూపు, ఒక రోజు శనివారం. అతని లెక్క ఇప్పుడలా తయారైంది. మూడు వారాలని సదాశివ అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టేవాడు. రెండో జత వచ్చిందా, ఆమె డ్రయ్యర్ ఆమె ఇంటికి, అతని వాషింగ్ మెషీన్ అతని ఇంటికి. ఇక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కుతాడు? ఆలోగా చెప్పాలి. ప్రతి శనివారం చెప్పాలనుకునేవాడు. ప్రతి శనివారం చెమ్మ చూసి గౌన్లు తీసే వేళకి నోరు ఎండిపోయేది.

నాలుగో వారం సోమవారం సదాశివ ఫోన్ చేశాడు. "సార్, మాల్ వచ్చింది!"

వరహాలబాబు కుర్చీలో కూలబడ్డాడు. "సదాశివ గారూ, మరి... ఇంకొన్నాళ్ళు మీ గోడౌన్‌లోనే ఉంచగలరా?"

"ఏందీ సార్, మీరు సుత అట్లనే అంటరా? ఇప్పుడే చిలకలగూడ ఇంటికి ఫోన్ కొట్టిన. మేడం ఎత్తిండ్రు. డ్రయ్యర్ ఇప్పుడే పంపకుండ్రి, నేను చెప్పినంక పంపుండ్రి అన్నరు."

"ఏమన్నారూ?"

"పంపొద్దన్నరు."

వరహాలబాబు ఫోన్ పెట్టేసి, క్యాంటీన్‌కి వెళ్ళి, డ్యూటీలో ఉన్నవాళ్ళందరికీ టీ చెప్పాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. డ్రయ్యర్ వద్దందంటే అర్థమేమిటి? శనివారాలు కావాలనే కదా! ఇంత తెలివైన అమ్మాయి, ఎంత గుంభనం!

ఆ శనివారం అతని వాలకమే మారిపోయింది.

"మీ డ్రయ్యర్ సంగతేమైందండీ?" అన్నాడు మీసాల్లో నవ్వుతూ.

"ఏమో. ఆ సదాశివ అజాపజా లేడు."

"అవునవును. అజాపజా ఉండడు." కన్ను గీటాడు.

"కంట్లో నలుసు పడిందా?" అంది ప్రేమమణి నిజంగానే కంగారుగా.

నటన కూడా ఎంత బాగా చేస్తుందో అని మురిసిపోయాడు ఆ పిచ్చిమహారాజు. వచ్చే శనివారం చెప్పేస్తానని నిశ్చయించుకున్నాడు. ఇంక భయమేముంది?

*

ఆ శనివారం మామూలు శనివారం కాదు. మర్నాడు గుడి వార్షికోత్సవం. పిల్లల క్వాయర్‌వి కూడా కలిపి ఇరవై నాలుగు గౌన్లు. బకెట్టు ఒక్క చేత్తో ఎత్తలేనంత బరువని ఆమె ముందే ఫోన్‌లో చెప్పింది కాబట్టి వరహాలబాబు కాప్రా బస్టాపుకి ఎదురెళ్ళాడు.

బస్సు ఆగింది. అది ఆగిన చోట నీళ్ళు, నీళ్ళ కింద గుంత. ప్రేమమణి రెండు చేతులా బకెట్టు పట్టుకుని దిగింది. కాలు జారింది. అతను పరిగెత్తేలోపే పడిపోయింది. మూత ఒకవైపు, బకెట్టు ఒకవైపు. ఇరవై నాలుగు తెల్లగౌన్లు కాప్రా బురదలో పరుచుకున్నాయి.

"దెబ్బ తగిలిందా? చెయ్యి చూపించండి, చెయ్యి!"

అరచెయ్యి గీసుకుపోయింది. ఆమె దాన్ని చూసుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని గౌన్లు ఏరుతోంది. కళ్ళ నిండా నీళ్ళు.

"రేపు ఎనిమిదింటికి... మళ్ళీ ఇంటికెళ్ళి ఉతకాలి, మళ్ళీ ఇంత దూరం రావాలి. ఎలా? అమ్మకి ఏం చెప్పను? ఆ డ్రయ్యర్ ఒక్కటి మా ఇంటికొచ్చి ఉంటే ఇదంతా..."

వరహాలబాబు ఓదార్చబోయాడు. ఓదార్చడం రానివాడు నోరు మూసుకోవాలి. "ఊరుకోండి. మీరే కదా మరి వద్దన్నారు?" అన్నాడు మెత్తగా.

"నేనా? ఏం వద్దన్నాను?"

"డ్రయ్యర్. వచ్చి పన్నెండు రోజులైంది కదా. సదాశివ ఫోన్ చేస్తే మీరు పంపొద్దన్నారట. నేనూ అదే చెప్పాను. నాకు ఎంత సంతోషం వేసిందో..."

ప్రేమమణి లేచి నిలబడింది. ఆ కళ్ళల్లో నీళ్ళు ఇంకిపోయాయి.

"నాకే ఫోనూ రాలేదు. నేనెవరితోనూ ఏమీ అనలేదు. డ్రయ్యర్ వచ్చిందని మీకు తెలుసన్నమాట. తెలిసీ పోయిన శనివారం అంతా నవ్వుతూ కూర్చున్నారు. నేను స్కూలు నుంచి ఇంటికి వచ్చీ రాగానే ఈ బరువు మోసుకుంటూ బస్సులు పట్టుకుని వస్తుంటే మీకు సరదాగా ఉందా?"

"అయ్యో, అది కాదండీ..."

"మీరేదో మంచివారనుకున్నాను."

బురద గౌన్లన్నీ బకెట్టులో కుక్కి, వెళ్తున్న ఆటో ఆపి ఎక్కేసింది. వరహాలబాబు వానలో అలాగే నిలబడిపోయాడు. చేతిలో బకెట్టు మూత మిగిలింది.

*

"వరాలూ, ఏటిరా అలగున్నావు?" అంది అప్పలలక్ష్మి, కొడుకునీ మూతనీ మార్చి మార్చి చూసి.

అతను దాచలేదు. మొదటి నుంచీ చెప్పాడు. ఆ అమ్మాయంటే ప్రాణమని కూడా చెప్పాడు. చెప్పాక చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ మాట నాకు చెప్తే ఏటి లాభం రా, వెర్రిబాగులోడా?"

"ఇప్పుడు అదంతా ఎందుకమ్మా. ముందు ఆ గౌన్లు ఆరాలి. ఆవిడ డ్రయ్యర్ ఇవాళే ఆవిడ ఇంట్లో ఉండాలి. నేను షోరూంకి వెళ్తున్నాను."

"అది ఎల్లిపోతే నీ శనోరాలు పోతాయి కదరా."

"పోనీ. ఆవిడ మాట పడటం కన్నా అది నయం."

అప్పలలక్ష్మి కొడుకు మొహం ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్ళి కాగితం పొట్లం ఒకటి తెచ్చి మూత మీద పెట్టి తాడుతో కట్టింది. "మూతైనా ఒట్టిది పట్టుకెళ్ళకూడదు. ఇది ఆళ్ళమ్మ చేతికే ఇయ్యి."

సదాశివ మొదట ససేమిరా అన్నాడు. "ఇయ్యాల బండి లేదు సార్. డ్రైవర్ పోయిండు." వరహాలబాబు చెప్పిందంతా విన్నాక షట్టరు సగం దించి, ఎదురుగా ఉన్న ట్రాలీ ఆటోవాణ్ణి కేకేశాడు. "నా ఇన్సాఫే మీ ఇద్దరికి తక్లీఫ్ తెచ్చింది. పా సార్, నేను సుత వస్త."

ట్రాలీలో డ్రయ్యర్‌కి అటూ ఇటూ కూర్చుని ఇద్దరూ చిలకలగూడ చేరేసరికి దీపాలు పెట్టారు. లోపల వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. ప్రేమమణి అరచేతికి కట్టుతో దాని పక్కన నిలబడి ఉంది. వీళ్ళని చూసి తల తిప్పుకుంది.

వరహాలబాబు డ్రయ్యర్ దింపాడు, అట్టపెట్టె చింపాడు, గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టాడు, ప్లగ్గు పెట్టి చూశాడు. పని చేస్తోంది. అప్పుడు రోసమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఆంటీ, ఇది వచ్చి పన్నెండు రోజులైంది. గోడౌన్‌లో ఆపించింది నేను. అమ్మాయిగారు పడిపోవడానికి నేనే కారణం. క్షమించండి. ఇదుగోండి మూత."

రోసమ్మ మూత అందుకోబోయింది. సదాశివ మధ్యలో వచ్చాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. అమ్మా, మీరు ఒకసారి మాట్లాడుండ్రి."

"ఏం మాట్లాడాలి నాయనా?"

"గదే గొంతు! ఫోన్ల డ్రయ్యర్ పంపకుండ్రి అన్నది మీరే కద!"

ప్రేమమణి గిర్రున తిరిగింది. "అమ్మా!"

రోసమ్మ టీచర్ ముప్పై ఏళ్ళు పిల్లల్ని బెదిరించిన మనిషి. బెదరలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనే. అయితే ఏంటి? ఆ మొదటి వారం ఈ అబ్బాయి ఈ గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి నిలువునా తడిసిపోయాడు, రెయిన్‌కోటు మాత్రం గౌన్లకి తొడిగాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నువ్వు ఆ సంగతి మూడుసార్లు చెప్పి మూడుసార్లు నవ్వావు. నాన్న పోయాక నువ్వలా నవ్వడం నేను వినలేదే. ఇంతలోనే ఆ డ్రయ్యర్ వచ్చిందన్నారు. మూడు శనివారాల్లో మనిషి ఏం తెలుస్తాడు? ఆరన్నా చూద్దామనుకున్నాను. నువ్వు ఐదో శనివారానికే పడ్డావు."

"నేను బురదలో పడ్డానమ్మా!"

"పడతావని నాకేం తెలుసు? చేతికి పసుపు రాశాను కదా."

సదాశివ గోడకి ఆనుకుని ఆసాంతం వినడానికి సిద్ధమైపోయాడు. రోసమ్మ మూత మీది పొట్లం విప్పింది. లోపల జాకెట్టు ముక్క. తెల్లది. మల్లెపువ్వంత తెల్లది.

"మీ అమ్మగారు పంపారా?"

"అవునండి. ఏముందో నాకూ తెలీదు," అన్నాడు వరహాలబాబు. దాన్ని చూసి తనే తెల్లబోయాడు. "మా వైపు శుభానికి తెల్లది పెట్టరండీ. మా అమ్మ జన్మలో ఎవరికీ పెట్టలేదు."

"మేము ఆదివారం కట్టేది తెల్లవే," అంది రోసమ్మ నెమ్మదిగా. "ఎవరో చెప్పి ఉంటారు."

"నేనే చెప్పాను. రెండో వారం అడిగారు," అంది ప్రేమమణి.

రోసమ్మ ఆ గుడ్డని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో సవరించింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "అబ్బాయ్, ఒక్క మాట ముందే చెప్తాను. ఆదివారం మా అమ్మాయి గుడికి వెళ్తుంది. అది మారదు."

"మారక్కర్లేదండీ. నేను దింపుతాను. పైడితల్లమ్మ పండక్కి మా అమ్మతో నేను ఊరెళ్తాను. అదీ మారదు."

"జాతరకి నేనూ వస్తాను, చూడ్డానికి," అంది ప్రేమమణి. అనేసి, ఇంకా కోపంలో ఉన్నానని గుర్తొచ్చి మూతి ముడుచుకుంది.

అంతలో వాషింగ్ మెషీన్ ఆగింది. ఇద్దరూ తడి గౌన్లు తీసి డ్రయ్యర్‌లో వేశారు. అది తిరగడం మొదలుపెట్టింది. రోసమ్మకి ఉన్నట్టుండి సదాశివకి టీ పెట్టాలని గుర్తొచ్చి అతన్ని వంటింటి వైపు తీసుకుపోయింది.

"మీకు ఏం కావాలో నోటితో చెప్పడం రాదా?" అంది ప్రేమమణి డ్రయ్యర్ తలుపు వైపే చూస్తూ. "గోడౌన్‌కి ఫోన్లు చేయడం మాత్రం వచ్చు."

"భయమేసింది. మీరు కాదంటే శనివారం కూడా ఉండదు కదా అని."

"గౌనైతే చెమ్మ ఉండగానే తియ్యాలి. మాట కూడా అంతే, వేళకి చెప్పాలి."

వరహాలబాబు ఊపిరి పీల్చుకున్నాడు. "ప్రేమమణి గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. శనివారాలే కాదు, ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఉన్నవి కూడా కావాలి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె జవాబు చెప్పకుండా డ్రయ్యర్ ఆపి, తలుపు తీసి, ఒక గౌను పట్టుకుని చూసింది. "ఇంకా పచ్చిగా ఉంది," అని మళ్ళీ మూసింది. కుడి బుగ్గ మీద సొట్ట పడింది. "బస్టాపులోనే అడిగి ఉంటే బాగుండేది. బురదలో ఉన్నా సరేననేదాన్ని."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ సరే. మీరు చేసింది పెద్ద ముడతే, మొండి ముడత. అయినా మనుషుల్లో ఒప్పుకుంటానని చెప్పాను కదా."

వరహాలబాబు ఎంత గట్టిగా నవ్వాడంటే, సదాశివ టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి అతనికీ నవ్వొచ్చింది.

"నేను మొదటి రోజే అన్న కద! మీరే నా మీద ఒర్రిండ్రు." గ్లాసు కింద పెట్టి, జేబులోంచి డెలివరీ చీటీ తీశాడు. "సార్, ఇగ మీది ఒక్క వాషింగ్ మెషీన్ గోడౌన్ల ఉన్నది. పొద్దుగాల కాప్రాల దించుదునా?"

వరహాలబాబు నోరు తెరిచేలోపు ప్రేమమణి అంది, "వద్దు. అక్కడే ఉంచండి."

"అయ్యో, మల్ల గదే లొల్లా మేడం! కవలల గుడ్డలో?"

"అప్పటిదాకా శనివారం శనివారం ఈయన తీసుకొస్తారు, ఇక్కడ ఉతికిస్తాను."

"ఎప్పటిదాక? మా ఓనర్ నన్ను తిడుతుండు. ఏ అడ్రస్‌కి పంపాల్నో రాసియ్యుండ్రి."

ప్రేమమణి చీటీ తీసుకుంది. కాప్రా అన్నది కొట్టేసింది. చిలకలగూడ అని రాయలేదు. పెన్ను పట్టుకుని కొంచెం ఆలోచించి, వరహాలబాబు వైపు చూసింది.

"రెండు నెలలు ఆగండి సదాశివ గారూ," అంది. "మేమింకా ఇల్లు వెతుక్కోలేదు."